“నవాన్… లాతి”: మధ్యలో విశేషమా, విషయమా?

అరసున్న:
ఈ ఏడాది చదివిన నవలల గురించి నాలుగు మాటలు రాసుకుందామని కూర్చున్నాను. మొత్తం పద్నాలుగు, అందులో ఐదు రెండోసారి చదివినవి. ‘నవల’ అన్న మాటకు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు చెప్పిన వ్యుత్పత్తితో మొదలుపెడదామంటే “నవాన్… లాతి… నవలా” అంతవరకే నోటికొస్తోంది. మధ్యలోది విశేషాన్ ఆ, విషయాన్ ఆ? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

టీకాకారుడు:
విశేషాన్. “నవాన్ విశేషాన్ లాతి గృహ్ణాతీతి నవలా.” కొత్త విశేషాలను పుచ్చుకునేది నవల. విషయం పాతదే అయినా ఫర్వాలేదన్నమాట.

ధాతువు:
విశేషాన్ సరే. అసలు తిరకాసు ‘లాతి’ దగ్గరుంది. ‘లా ఆదానే’, అంటే ‘లా’ ధాతువుకు అర్థం పుచ్చుకోవడం, అని అందరూ వల్లిస్తారు. రా, లా రెండూ దానార్థకాలే, అంటే ఇవ్వడమనే అర్థమున్నవేనన్న చాంద్రుల (చాంద్ర వ్యాకరణం వాళ్ల) మతాన్ని వ్యాకరణ గ్రంథమైన సిద్ధాంత కౌముది ఆ పక్కనే చెబుతుంది. అలా చూస్తే నవల కొత్తదనాన్ని పుచ్చుకునేది కాదు, ఇచ్చేది.

టీకాకారుడు:
‘గృహ్ణాతి’, అంటే పుచ్చుకుంటుంది, అని పక్కనే పెట్టి ఆయనే గడియ వేసేశారు కదండీ. ఇక చాంద్రులు ఎటునుంచి దూరతారు?

ధాతువు:
గడియ వేసింది ఆయన వాక్యానికి. ధాతువుకు కాదు.

అరసున్న:
నా ఓటు ధాతువు గారికే. ‘చివరకు మిగిలేది’లో దయానిధి మాటల కింద కాలేజీ రోజుల్లో పెన్సిల్‌తో గీతలు గీశాను. ఈసారి ఆ గీతలున్న చోట ఎందుకు గీశానో అర్థం కాలేదు. ఒక్క గీతా లేని పేజీలో అరగంట ఆగిపోయాను. ‘అల్పజీవి’ సుబ్బయ్య సంగతీ అంతే. అప్పట్లో ఇంత పిరికివాడేమిటని విసుక్కున్నాను. ఇప్పుడు ఆఫీసులో నేను మింగేసిన మాటలన్నీ గుర్తొచ్చాయి. పుస్తకం అదే, విశేషం మాత్రం కొత్తది. దాన్ని పుచ్చుకున్నదెవరు, ఇచ్చిందెవరు?

పాతబైండు:
నవలః అని పుంలింగం చేయొచ్చుగా, నవలా అని ఎందుకు చేసినట్టు? తెలుగులో ‘నవలా’ అంటే స్త్రీ. శబ్దరత్నాకరం నిఘంటువు తీసి చూడండి. ఆ మాట చెవిలో ఆడుతుండబట్టే ఆ దీర్ఘం వచ్చిందని నా సిద్ధాంతం.

టీకాకారుడు:
ఆయన చెవిలో ఆడింది ఇంగ్లీషు నావెల్. ధాతువును తర్వాత వెతికారు. ‘రాజశేఖర చరిత్రము’ను వీరేశలింగం గారు వచన ప్రబంధం అని హాయిగా పిలుచుకున్నారు, దీర్ఘాల గొడవే లేదు.

విసంధి:
నాకు సంస్కృతం రాదు. తెలుగులో ‘లాతి’ అంటే పరాయి. లాతివాళ్ల బతుకుల కోసమే నేను నవలలు చదువుతాను కాబట్టి నాకు ఆ అర్థమే సరిపోయింది. ఇక ‘లా’ అనగానే నాకు తట్టేది పోతన. ‘అసమర్థుని జీవయాత్ర’ చదివినన్నాళ్లూ “లావొక్కింతయు లేదు” మనసులో మోగుతూనే ఉంది. గజేంద్రుడికి పిలవడానికి ఒకడున్నాడు. సీతారామారావుకి ఎవడున్నాడు?

టీకాకారుడు:
అక్కడ లావంటే బలం. ఒళ్లనుకునేరు, ఏనుగుకి ఒంటికేం తక్కువ!

విసంధి:
ఆమాత్రం తెలుసు సార్. నాకు పట్టుబడనిది రెండో పాదం. “ఠావుల్ దప్పెను” అని అచ్చులో ఉంది. నాకు నేర్పినవాళ్లు ‘తావుల్’ అనే చదివేవారు. వినడానికి అదే మెత్తగా ఉంటుంది.

పాతబైండు:
నేనూ తావులే.

ధాతువు:
మెత్తగా ఉంటే పోతన ఒప్పుకోడు. పద్యం శార్దూల వృత్తం కదా, పాదం మొదటి అక్షరానికి పదమూడోది యతిగా కుదరాలి. లెక్కపెట్టండి: “డస్సెన్”. డ-కి ఠ-తో యతి కుదురుతుంది, త-తో కుదరదు.

పాతబైండు:
వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇన్నాళ్లూ తప్పు చదివానన్నమాట.

అరసున్న:
నేనూ అంతే. మొదటి వాక్యం కొట్టేశాను, సుబ్బయ్యతో మొదలుపెడుతున్నాను. ధాతువు గారూ, ఇంతకీ ఇచ్చేదా, పుచ్చుకునేదా?

ధాతువు:
చెప్పాగా, చాంద్రుల మతంలో ఇచ్చేదే.

టీకాకారుడు:
గృహ్ణాతి!