పక్కింటి ప్రహరీ గోడ హద్దు దాటితే ముందుగా ఎవరిని ఆశ్రయించాలి?

ప్రశ్న:
వరంగల్‌లో, అనుమతి పొందిన లేఅవుట్‌లో మాకు 200 గజాల ఇల్లు ఉంది. పక్కింటి వారు పాత ముళ్లకంచె తీసివేసి కడుతున్న ప్రహరీ గోడ మా స్థలంలోకి అడుగు మేర వచ్చిందని నా అనుమానం. పైగా మేము సెట్‌బ్యాక్‌గా వదిలిన జాగా ఉమ్మడిదని వారి వాదన. పని ఇంకా పునాది దశలోనే ఉంది. మునిసిపాలిటీకి వెళ్లాలా, కోర్టుకా?

జవాబు 1:
సెట్‌బ్యాక్ ఉమ్మడి జాగా కాదండీ. 2012 నాటి జీవో 168 (భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు) ప్రకారం ప్రతి యజమానీ తన ప్లాటులోనే వదలవలసిన ఖాళీ అది. అందులో ఇల్లు కట్టకూడదు గానీ హక్కు మీదే.

జవాబు 2:
ముందు హద్దు తేలాలి. ఇద్దరి దస్తావేజుల్లోని కొలతలనూ చెక్కుబందినీ (నాలుగు వైపుల హద్దుల వివరాలనూ) మంజూరైన లేఅవుట్ ప్లానుతో సరిపోల్చండి. మీసేవలో ఎఫ్-లైన్ (హద్దు కొలిపించే) దరఖాస్తు చేస్తే మండల సర్వేయరు వచ్చి కొలుస్తారు; అయితే సర్వే నంబరు హద్దు తేలినంత మాత్రాన దానిలోని ప్లాటు హద్దు తేలదు కనుక, లేఅవుట్ ప్లాను దగ్గర పెట్టుకొనే కొలిపించండి. మనమే టేపు పట్టి కొలిచిన లెక్క తగాదాకు తప్ప ఎందుకూ పనికిరాదు.

జవాబు 3:
అనుమతికి విరుద్ధమైన కట్టడాన్ని మునిసిపాలిటీ ఆపగలదు, కానీ స్థలం ఎవరిదో తేల్చవలసింది సివిల్ కోర్టే. గోడ లేచాక కూల్చమని అడగడం కన్నా పునాది దశలో తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోరడం మేలు. అందుకే తేదీ కనిపించే ఫొటోలతో లాయరు నోటీసు వెంటనే పంపండి. ఊరుకుంటే, 12 ఏళ్ల తర్వాత వారు ప్రతికూల స్వాధీనం (ఇన్నేళ్లూ బహిరంగంగా మా అధీనంలోనే ఉంది కనుక స్థలం మాదే అనే) వాదన తేవచ్చు.