వీబీ6 కోడ్‌ని పైథాన్‌లకి మార్చిన, తరుగు లెక్కల కిలో తేడా వస్తుంది ఎందుకు?

మిర్యాలగూడ మిల్లు:
అన్నలూ కొంచెం సాయం చేయుండ్రి. మాది చిన్న రైస్ మిల్లు, కాంటా కాడ ఒడ్ల బిల్లు కొట్టే ప్రోగ్రాం మా నాయిన 2003ల వీబీ6ల (విజువల్ బేసిక్ 6, పాత ప్రోగ్రామింగ్ భాష) రాయించిండు, రాసినాయన ఇప్పుడు లేడు, ఆ కంప్యూటర్ ఎప్పుడు ఆగుతదో తెల్వదు. నెల రోజులు కూసొని లైన్‌కి లైన్ పైథాన్ భాషలకి మార్చిన, ఎర్రర్ ఒక్కటి లేదు కానీ లెక్క కలుస్తలేదు. తేమ 17 శాతం దాటితే దాటినంత తరుగు తీస్తం, 3460 కిలోలకి తేమ 18.5 ఉంటే పాతదాంట్ల తరుగు 52, నాదాంట్ల 51. కొన్ని బిల్లులేమో కరెక్ట్‌గనే వస్తున్నయ్. రోజు రిపోర్ట్‌ల ఆఖరి ట్రాక్టర్ కూడ కనపడ్తలేదు.

పాలమూరు కోడర్:
తమ్మి, 3460ల ఒకటిన్నర శాతం అంటే 51.9. పాత కోడ్‌ల సీఇంట్ (CInt) ఉండి ఉంటది, నువ్వు పైథాన్‌ల ఇంట్ (int) పెట్టినవ్ గదా? పేర్లు దగ్గర దగ్గరనే కానీ పని వేరు, సీఇంట్ దగ్గరి అంకెకి తెస్తది, ఇంట్ పాయింట్ తర్వాత ఉన్నదంతా కోసేస్తది, అందుకే సగం కంటె తక్కువ వచ్చిన బిల్లులు నీకు కలుస్తున్నయ్. ఇంట్ తీసి రౌండ్ పెట్టు. సరిగ్గ సగం వస్తే సీఇంట్ సరి సంఖ్యకి పోతది, 86.5కి 86, 49.5కి 50, పైథాన్ 3ల రౌండ్ కూడ గట్లనే చేస్తది, పైథాన్ 2ల అయితే 86.5కి 87 వచ్చేది.
ఆఖరి ట్రాక్టర్‌ది లూప్ (ఒకే పనిని మళ్ల మళ్ల తిప్పే కోడ్) తప్పు. వీబీల 1 టు 40 అంటే 40 కూడ తిరుగుతది, పైథాన్‌ల రేంజ్(1, 40) 39 కాడనే ఆగుతది, 41 పెట్టాలె.

దేవరకొండ:
ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని పాత కోడ్‌ల ఎక్కడెక్కడ ఉందో వెతుకు అన్నా. ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండ కింద లైన్‌కి పోతది అది, దాన్ని చూసి నువ్వు పైథాన్‌ల ట్రై ఎక్సెప్ట్ పాస్ (ఎర్రర్ వస్తే చప్పుడు చేయకుండ వదిలేసేది) అని పెట్టినవనుకో, నీకు ఎర్రర్ ఒక్కటి లేకపోవడానికి కారణం అదే కావొచ్చు. అవన్నీ తీసేసి నడుపు, ఏం బయటపడ్తదో చూడు. పైసలకి వీబీల కరెన్సీ టైప్ ఉండేది, పాయింట్ తర్వాత నాలుగు అంకెలు పక్కాగ ఉంటయ్, పైథాన్ ఫ్లోట్‌ల (మామూలు పాయింట్ అంకెల టైప్) 0.1కి 0.2 కలిపితేనే 0.30000000000000004 వస్తది, కాబట్టి పక్కాగ లెక్కగట్టే డెసిమల్ టైప్ వాడు, రేటుని స్ట్రింగ్‌గ (కోట్స్‌ల అక్షరాల లెక్క) ఇయ్యి, ఫ్లోట్ ఇస్తే మళ్ల అదే లొల్లి.
పాతది మాత్రం ఇప్పుడే తీసేయకు. వీబీ6కి సపోర్ట్ 2008లనే ఆపేసిండ్రు కానీ ఆ ప్రోగ్రాంలు విండోస్ 11ల కూడ నడుస్తయ్, ఇంకో సిస్టమ్‌ల వేసుకొని రెండు పక్కపక్కన పెట్టి పాత బిల్లులు రెండిట్ల కొట్టి చూడు.

మిర్యాలగూడ మిల్లు:
సీఇంటే అన్నా! పోయిన వానకాలం బిల్లులు 200 రెండిట్ల కొట్టిన, 197 కలిసినయ్. పాస్ తీసేస్తే ఆ మిగిలిన మూడు దొరికినయ్, తేమ రాయకుండ ఖాళీగ వదిలిన బిల్లులు, పాతది ఎర్రర్ మింగేసి ముందు బిల్లు తరుగునే వేసింది. ఇప్పుడు పాతదాని లెక్కనే దించాల్నా?

పాలమూరు కోడర్:
వద్దు, అది రైతు పైసలు. తేమ ఖాళీగ ఉంటే బిల్లే కొట్టకుండ ఆపు. ఆ ముగ్గురి సంగతి మీ నాయినకి చెప్పు, ఎక్కువ కోసిన కిలోలుంటే లెక్కగట్టి ఇచ్చేయుండ్రి.