అప్‌డేట్: చీరల కేటలాగ్‌కి ఏఐ మోడల్ ఫోటోలు, చివరికి ఏది తీసుకున్నానంటే

మా బొటిక్ చీరల కేటలాగ్‌కి మోడల్‌ని పెట్టుకునే బడ్జెట్ లేదు, నిజమైన మనిషిలా కనిపించే ఫోటోలిచ్చే ఏఐ యాప్ చెప్పండి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వేళ్లు ఆరు రావడం లాంటి గోల ఇప్పుడు పెద్దగా లేదు. అసలు తంటా చీరతోనే. పేరెందుకులెండి, ఒక యాప్‌లో ముఖం అచ్చం మనిషే, పైట మాత్రం కుడి భుజం మీద! ఇంకోదాంట్లో కొంగుకున్న జరీ అంచు కుచ్చిళ్ల దగ్గరికొచ్చేసరికి మాయం. అడక్కపోయినా ఒంటినిండా నగలు, వెనకాల గుడి గోపురం ఒకటి.

చివరికి ఫ్లక్స్ దగ్గర ఆగాను. 2024లో బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ అనే కంపెనీ విడుదల చేసిన, మనం రాసిన దాన్ని బట్టి బొమ్మలు చేసే ఏఐ ఇది. దీంట్లో ‘డెవ్’ అనే వెర్షన్‌లో గైడెన్స్ అనే సెట్టింగ్ (మనం రాసిన మాటల్ని ఎంత గట్టిగా పాటించాలో చెప్పేది) మామూలుగా 3.5 ఉంటుంది. దాన్ని 2, 2.5 మధ్యకి దించితే మైనం పూసినట్టుండే మెరుపు తగ్గి, చర్మం చర్మంలా కనిపిస్తోంది. ప్రాంప్ట్‌లో, అంటే ఎలాంటి ఫోటో కావాలో ఏఐకి రాసిచ్చే దాంట్లో, ‘అద్భుతమైన అందం’, ‘8కె’ లాంటివి తీసేసి ‘ఫోన్‌లో తీసిన ఫోటో, పక్కన కిటికీ వెలుతురు’ అని రాస్తున్నాను. తేడా బాగా తెలుస్తోంది.

ఏఐ ఫోటో అని బయటపడుతుందా అని ఒకరు అడిగారు. గూగుల్ వాళ్ల ఏఐ జెమినైతో చేసిన బొమ్మల్లోనైతే సింథ్‌ఐడీ అనే కంటికి కనపడని గుర్తు ఉంటుంది, దాన్ని బట్టి పట్టేయొచ్చు. నేనైతే దాచడం లేదు. ‘ఏఐ మోడల్’ అని కింద రాసి, పక్కనే అసలు చీర ఫోటో పెడుతున్నాను. రంగు తేడా అని చీర వెనక్కొస్తే కొరియర్ ఖర్చు నాదే మరి.