పత్తి మిల్లుకు ఏఐ: సొంతంగా చేయించుకోవాలా, చందాకు తీసుకోవాలా?

ఆదోని_జిన్నింగ్: సీజన్‌లో రైతుల ఫోన్లు ఆగవు. ధర ఎంత, తేమ ఎంతవరకు ఒప్పుకుంటారు, డబ్బు ఎప్పుడు పడుతుంది? వీటికి తెలుగులో జవాబు చెప్పే ఏఐ కావాలి. ఒక కంపెనీ నెలవారీ చందాకు ఇస్తామంటోంది. చుట్టాలబ్బాయి తానే చేసిస్తానంటున్నాడు. ఏది మేలు?

బుధవారపేట_కోడర్: సొంతమే.

విత్తనాల_కొట్టు: కోట్లు పోసి ఏఐ తయారు చేయడానికి అది పత్తి మిల్లా, పరిశోధన కేంద్రమా?

బుధవారపేట_కోడర్: తయారు చేయమని ఎవరన్నారు? తెలుగు మాటను గుర్తించే మోడళ్లను ఐఐటీ మద్రాసులోని పరిశోధన బృందం ఏఐ4భారత్ ఉచితంగానే ఇస్తోంది. తెచ్చి మిల్లు లెక్కలకు కలపాలి, అంతే.

ఆలూరు_రైతు: మేము కన్నడం కలిపి మాట్లాడతాం. పైగా తేమ 12 శాతం దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సిసిఐ కొనదు. ఆ ఏఐ పత్తి తెమ్మంటే తెచ్చి, వెనక్కి తీసుకుపోవలసి వస్తే బాడుగ ఎవరిస్తారు?

విత్తనాల_కొట్టు: "అంతే" అన్న మాట ముందే విన్నాను. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రవాడే చేశాడు. 2017లో జీఎస్టీ వచ్చేసరికి అతను బెంగళూరులో ఉన్నాడు. పన్ను గడి మార్చే దిక్కులేక చేత్తో బిల్లులు రాశాం.

బుధవారపేట_కోడర్: జీఎస్టీ గొడవ ఇక్కడెందుకు? పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర 8,110 రూపాయలు. చందాకు ఇచ్చే ఏఐ ఒకదాన్ని అడిగితే అంతకు ముందటి ఏడాది ధర 7,521 చెప్పింది.

గుమాస్తా_నంద్యాల: రోజు ధరలు మనమే ఎక్కించుకునే వీలు ఉందా అని కంపెనీని అడగండి. వాళ్లు వినిపించే నమూనా కాదు, ఆలూరు రైతుల చేత మాట్లాడించి చూడండి.

బుధవారపేట_కోడర్: మరి రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు బయటివాళ్ల సర్వర్లోకి పోతాయి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం జవాబుదారీ మిల్లుదే.

విత్తనాల_కొట్టు: చట్టం పేరు చెప్పి బెదిరించకండి. ఆ అబ్బాయి ఆదోనిలో ఎన్నాళ్లుంటాడు? అది చెప్పండి.

బుధవారపేట_కోడర్: ఉండటానికి జీతం ఎవరిస్తున్నారు? మీ కుర్రవాడికి ఎంత ఇచ్చారు? చుట్టాలకు నేనూ చేసిపెట్టాను. భోజనం పెట్టి పంపారు. కంపెనీ బిల్లు మాత్రం నెల తిరగకముందే కడతారు!

విత్తనాల_కొట్టు: పండక్కి బట్టలు పెట్టాం.

ఆదోని_జిన్నింగ్: చుట్టాలబ్బాయికి నెలనెలా జీతమంటే మా నాన్న ఒప్పుకోరు. కంపెనీ అయితే రసీదు ఇస్తుందంటారు.

బుధవారపేట_కోడర్: అబ్బాయి చేత కూడా రసీదు రాయించండి. కంపెనీ చందాలో సగం ఇచ్చి ఏడాదికి కాగితం రాసుకోండి. కోడ్, పాస్‌వర్డ్‌లు మిల్లు పేరు మీద ఉండాలి.

విత్తనాల_కొట్టు: సీజన్ మధ్యలో వెళ్లిపోతే?

బుధవారపేట_కోడర్: గుమాస్తా మానేస్తే ఏం చేస్తారు? లెక్కలు అప్పగించాకే వెళ్లాలంటారు కదా. అదీ ఆ కాగితంలోనే రాయండి.