ఐసోమెట్రిక్ వ్యూలో గోళానికి ఏ వ్యాసార్ధం తీసుకోవాలి?

60 మి.మీ. భుజం, 40 మి.మీ. ఎత్తు ఉన్న చతురస్ర పట్టకం మీద సరిగ్గా మధ్యలో 50 మి.మీ. వ్యాసం గల గోళం ఉంది. గీయమన్నది ఐసోమెట్రిక్ వ్యూ (వస్తువు మూడు వైపులూ ఒకేసారి కనిపించేలా అసలు కొలతలతో గీసే బొమ్మ), కొలతలు తగ్గించి గీసే ప్రొజెక్షన్ కాదు. అందుకే ఐసోమెట్రిక్ స్కేలు (కొలతలను 0.816 రెట్లకు తగ్గించేది) వాడకుండా అసలు కొలతలే వేశాను. పట్టకంతో పేచీ లేదు, తంటా అంతా గోళంతోనే.

పై ముఖంలో కర్ణాలు కలిసే చోటు నుంచి నిలువుగా 25 మి.మీ. పైన కేంద్రం పెట్టి, 25 వ్యాసార్ధంతో వృత్తం గీస్తే స్పర్శబిందువును (గోళం పట్టకానికి ఆనే ఆ కర్ణాల కలయికను) చక్కగా తాకింది. కానీ గోళం చిన్నదిగా కనిపిస్తోంది. సరిచూసుకోవడానికి గోళం నడిమి అడ్డ వృత్తాన్ని చూపేలా, అదే కేంద్రం చుట్టూ 50 మి.మీ. భుజం ఉన్న రాంబస్‌లో ఫోర్ సెంటర్ పద్ధతిలో (నాలుగు కేంద్రాల నుంచి చాపాలు గీసి) దీర్ఘవృత్తం వేశాను. దాని పెద్ద అక్షం దాదాపు 58 వచ్చి, వృత్తం దాటి బయటికి పోయింది. గోళం మీది వృత్తం గోళాన్నే దాటి ఎలా పోతుంది!

25ను 0.816తో భాగిస్తే 30.6. ఆ వ్యాసార్ధంతో గీస్తే దీర్ఘవృత్తం లోపలే ఉంది గానీ, గోళం అడుగు స్పర్శబిందువు కంటే 5.6 మి.మీ. కిందికి దిగి పట్టకంలో కూరుకుపోయినట్టుంది. నోట్సులోని జవాబు 25 అంటోంది, స్కేలు వాడారో లేదో మాత్రం చెప్పదు.

కేంద్రాన్ని 25 ఎత్తులోనే ఉంచి, స్కేలు లేని ఐసోమెట్రిక్ వ్యూలో గోళానికి 25 వ్యాసార్ధం తీసుకోవాలా, 30.6 తీసుకోవాలా?