ఈ వారం సమస్య: వైద్యు పాట వినఁగ వైరి కూలె

నిర్వాహకురాలు:
మిత్రులకు నమస్కారం. మా మేనకోడలు నెల రోజులుగా జపనీస్ ర్యాప్ వింటోంది. మొన్న ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని కథంతా చెప్పింది. వింటుండగానే ఈ పాదం తట్టింది.

వైద్యు పాట వినఁగ వైరి కూలె

దీని వెనక ఉన్నది 'హిప్నోసిస్ మైక్' అనే జపాన్ ర్యాప్ పాటల కథ. 2017లో కింగ్ రికార్డ్స్ వారి ఈవిల్ లైన్ రికార్డ్స్ మొదలుపెట్టింది. అభిమానులు ముద్దుగా 'హిపుమై' అంటారు. కథలో స్త్రీల ప్రభుత్వం ఆయుధాలన్నిటినీ నిషేధిస్తుంది. ఇక మిగిలింది మైకు. దానిలో ర్యాప్ చేస్తే ఎదుటివాడి నాడీమండలం దెబ్బతింటుంది. టోక్యోలోని ఇకెబుకురో, షిబుయా, షింజుకు, దూరంగా యోకొహామా, ఒక్కో పేటకు ముగ్గురు. గెలిచినవాళ్లకు ఓడినవాళ్ల పేట. షింజుకు నాయకుడు డాక్టర్ జకురాయ్ జింగూజీ.

షరతు ఒక్కటే. పూరణ చదివాక ఈ లోకం కొత్తవాళ్లకు కొంతైనా అర్థం కావాలి.

పెన్నేటిగట్టు:
శస్త్ర మొకటి లేని జకురాయి చేతిలో
మైకు మోగె, మందు మాట లొలికె;
నాడి చూసినట్టు నాటుకొనగఁ బల్క
వైద్యు పాట వినఁగ వైరి కూలె.

వెన్నెలవాకిలి:
అన్నా, 'శస్త్రం' దగ్గరే ఆగిపోయాను. ఆయుధాలు నిషేధించిన దేశంలో శస్త్రం లేదు, పాట పాడే వైద్యుడి చేతిలోనూ శస్త్రం లేదు. కత్తి పక్కన పెట్టి మైకు పట్టుకున్న సర్జన్ కళ్లకు కట్టాడు. 'నాడి' కూడా అంతే. డాక్టరు చూసేది నాడి, ఆ మైకు కొట్టేదీ నాడినే.

'మందు మాట' తెలిసే వేశారా? సీడీల్లో పాటలతో పాటు వచ్చే డ్రామా ట్రాకుల్లో, అంటే వినే నాటికల్లో, జకురాయ్ మందు తాగితే మనిషే మారిపోతాడు, పక్కవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్లకు రెండో పాదంలో రెండో అర్థం వినిపిస్తుంది.

పెన్నేటిగట్టు:
ఆ సంగతి నాకు తెలియదమ్మా. దొరికిన అదృష్టం అనుకుంటాను.

గండికోట:
నా వంతు.

అన్నదమ్ము లొక్కటై వచ్చి నిలిచినఁ
జాలదాయె బలము, సాటిలేని
తెల్లకోటు దొరయె తెరచాటు వీడఁగ
వైద్యు పాట వినఁగ వైరి కూలె.

ఇకెబుకురో జట్టు 'బస్టర్ బ్రోస్'. ముగ్గురూ సొంత అన్నదమ్ములు, ఇచిరో, జిరో, సబురో యమదా. పెద్దవాడు ఇచిరోకు గొంతు ఇచ్చింది సుబారు కిమురా. 2005 నుంచి జపాన్ డోరెమాన్‌లో జియాన్ గొంతు ఆయనదే. పిల్లలు చూసే బొమ్మల్లో పాట పాడి అందర్నీ హడలెత్తించే ఆ జియాన్ గొంతే ఇక్కడ ర్యాప్ చేస్తుంది.

పెన్నేటిగట్టు:
గండికోట గారూ, మొదటి పాదంలో యతి ఏది? 'అ'కూ 'టై'కీ ఏం చుట్టరికం? అది వదిలేసినా తప్పు కథలోనే ఉంది. 2018లో జరిగిన మొదటి పోటీలో అన్నదమ్ములు ఓడింది యోకొహామా చేతిలో. డాక్టరు ఆ దశలో ఓడించింది షిబుయాని. ఆఖరి పోరు షింజుకుకూ యోకొహామాకూ. అన్నదమ్ములు ఆ పోటీలో డాక్టరు ఎదుటికే రాలేదు.

గండికోట:
యతి సంగతి ముందు. 'ఒక్కటి'కి 'ఐ' చేరి 'ఒక్కటై' అయింది. అక్కడ చెల్లేది హల్లు కాదు, సంధిలో దాగిన అచ్చు. అ, ఐలకు మైత్రి ఉంది. ఈ మాట మీకు చెప్పాల్సి రావడం ఇది మూడోసారి.

కథ విషయంలో మీదే పైచేయి. ఆ పద్యం వెనక్కి తీసుకుంటున్నాను. ఇదిగో యోకొహామా:

రక్షకభటుఁ డొకఁడు, రౌడి యొక్కఁడు, మాజీ
నావికుండు కూడి నడచి వచ్చె
యోకొహామ నుండి యుద్ధభూమికి; నాఁడు
వైద్యు పాట వినఁగ వైరి కూలె.

వెన్నెలవాకిలి:
ముగ్గురినీ ఒకటిన్నర పాదంలో చెప్పేశారు! జ్యూతో అనేవాడు పోలీసు, సమతోకి యాకూజా రౌడీ, రియో నౌకాదళంలో పనిచేసినవాడు. కొత్తవాళ్లకు యోకొహామా జట్టు 'మ్యాడ్ ట్రిగర్ క్రూ' అంటే ఇంతే. పోలీసూ రౌడీ ఒకే జట్టులో ఉండటమే అసలు రుచి. 'నడచి వచ్చె' అన్న నడక కూడా వాళ్లదే.

పెన్నేటిగట్టు:
'మాజీ'లో జీ దీర్ఘం. 'క్కఁడు మాజీ' ఏ ఇంద్రగణం? చివర గురువు మిగిలిపోయింది. 'మాజి' అని కుదిస్తారేమో, నేను ఒప్పుకోను.

గండికోట:
'మంచు కాల్చె నూరి మామిడాకు' సమస్యకు మీరేం రాశారో గుర్తు చేయమంటారా? 'రేడియో'ను 'రేడియొ' అని కుదించి, అందరూ మెచ్చుకుంటే తల ఊపారు. అన్య భాషా పదం అన్నారు, ఛందస్సు కోసం చెల్లుతుందన్నారు. మాజీ మాత్రం ఏ భాష నుంచి వచ్చింది? నాకో న్యాయం, మీకో న్యాయమా?

పెన్నేటిగట్టు:
రేడియోలో 'ఓ'ను జనం పొట్టిగానే పలుకుతారు. మాజీని ఎవరూ 'మాజి' అనరు. ఆ పూరణలో నాకు ఇప్పటికీ నచ్చనిది రేడియో కాదు, మూడో పాదంలో ఊరికే వేసిన 'అంట'. అది మీరు ఆరోజు పట్టుకోలేదు.

నిర్వాహకురాలు:
మామిడాకు సంగతి అక్కడే ఉండనివ్వండి. కొత్త సభ్యులొకరు అడుగుతున్నారు.

కొత్తచిగురు:
నమస్కారమండీ. పద్యాలు చదివాక వినాలనిపించింది. కానీ సీడీలు, అనిమే అనే బొమ్మల సీరియల్, మాంగా అనే బొమ్మల పుస్తకం, నాటకం, సినిమా అన్నీ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? పోటీలో గెలుపు ఎవరు తేలుస్తారు?

యోకొహామా నివాసి:
ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి నాలుగేళ్లయింది, నేను చెప్తాను. పాటలతోనే మొదలుపెట్టండి. ఎందుకంటే ఇది పాటగానే పుట్టింది. మాంగా 2018లో, నాటకం 2019లో, అనిమే 2020 అక్టోబరులో వచ్చాయి. ముందు పన్నెండుమందీ పాడిన 'డివిజన్ బ్యాటిల్ యాంథెమ్' వినండి. నాలుగు పేటల తీరూ అందులో తెలిసిపోతుంది. తర్వాత మీకు నచ్చిన గొంతు వెంట వెళ్లండి. 2019లో చేరిన ఒసాకా జట్టును మాత్రం వదలకండి. వాళ్ల 'ఆ ఒసాకా డ్రీమిన్ నైట్'కు మాటలు రాసింది క్రీపీ నట్స్ అనే ర్యాప్ జంటలోని ఆర్-షితేయ్. ఆయన జపాన్‌లో నిజమైన ర్యాప్ పోటీల్లో 2012 నుంచి 2014 దాకా వరసగా మూడేళ్లు ఛాంపియన్.

గెలుపు తేల్చేది వినేవాళ్లే. పోటీ సీడీ కొంటే ఓటు వస్తుంది. ఏ జట్టు గెలవాలో రచయితలు ముందే రాసుకోలేదు. మొదటిసారి జనం డాక్టరు జట్టును గెలిపించారు, 2021లో షిబుయా 'ఫ్లింగ్ పోసీ'ని. 2025 ఫిబ్రవరిలో వచ్చిన సినిమా ఇంకో మెట్టు ఎక్కింది. హాల్లో ఫోన్లు ఆపమనరు, తియ్యమంటారు. పోరు అయ్యాక ఓటు వేస్తే, ఎక్కువ ఓట్లు ఎటు పడితే కథ అటు తిరుగుతుంది. నేను రెండుసార్లు చూశాను, రెండు వేరే ముగింపులు. రెండోసారి నా పక్కనున్న అమ్మాయి ఓటు నొక్కి, ఫోన్ గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఆమె జట్టు ఓడింది. చప్పట్లు మాత్రం అందరికంటే ముందు ఆమే కొట్టింది.

పద్యం రాసేవాళ్లకు ఒక మాట. వాళ్ల ప్రాస మన ప్రాసకు సరిగ్గా తలకిందులు. మనకు రెండో అక్షరంలో హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. వాళ్లకు అచ్చుల వరస కలవాలి, హల్లు ఏదైనా ఫరవాలేదు. 'సకన' అంటే చేప, 'అతమ' అంటే తల. మన లెక్కన వాటికి ఏ పోలికా లేదు. వాళ్లకు మూడు 'అ'లూ కలిసిపోయాయి, మంచి ప్రాస. ఇది తెలిశాక మళ్లీ వినండి, చెవికి కొత్తగా వినిపిస్తుంది.

గండికోట:
బాబూ, ఇన్నాళ్లూ ర్యాప్‌లో ప్రాస లేదనుకుని చెవి పెట్టలేదు. నేను హల్లు కోసం వెతికాను.

పెన్నేటిగట్టు:
నేనూ అంతే. జట్టు పేర్లలో శ్లేష ఏమైనా ఉందా?

యోకొహామా నివాసి:
షింజుకు జట్టు పేరు 'మతెన్‌రో'. చెవికి ఆకాశహర్మ్యం అని వినిపిస్తుంది. షింజుకు నిండా అవే. రాతలో మాత్రం జనపనార, ఆకాశం, తోడేలు గుర్తులు వేస్తారు. చివరి రెండూ కలిస్తే సిరియస్ నక్షత్రం.

వెన్నెలవాకిలి:
ఇప్పుడు నాది. అందరూ వైరి అంటే ఎదుటి జట్టే అనుకున్నారు. డాక్టరు జట్టులోనే ఉన్నాడు దొప్పో. మెడికల్ పరికరాలు అమ్మే ఉద్యోగి, ఏది జరిగినా 'తప్పు నాదే, తప్పు నాదే' అని గొణుక్కుంటాడు.

తప్పు నాదె యంచుఁ దల పట్టుకొను దొప్పొ
మనసులోన నున్న మబ్బు వీడె;
దిగులె వైరి యాయె దినమెల్ల వానికి,
వైద్యు పాట వినఁగ వైరి కూలె.

పెన్నేటిగట్టు:
అమ్మా, సమస్యను విప్పింది నువ్వు. వైద్యుడి పాట మనిషిని పడగొట్టడం నా పూరణలో నాకే కొంచెం ఇబ్బందిగా ఉండింది. మూడో పాదంలో వైరిని మార్చేశావు, వైద్యుడు వైద్యుడిగానే మిగిలాడు.

కొత్తచిగురు:
బస్సులో దొప్పో పాట విన్నాను. మాటలు తెలియకపోయినా ఆ గొణుగుడు కేకగా మారేచోట దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆఫీసులో నాకూ అలాంటి రోజులు ఉన్నాయి.

నిర్వాహకురాలు:
ఈసారి మనమూ హిపుమై పద్ధతిలోనే పోదాం, నేను తేల్చను. ఒక్కొక్కరికి ఒక్క ఓటు. ఆదివారం రాత్రి దాకా గడువు.

గండికోట:
'మాజీ' తీసేసి 'పాత' పెట్టాను. 'రౌడి యొక్కఁడు, పాత / నావికుండు.' గణం కుదిరింది, పెన్నేటిగట్టు గారి పుణ్యం. నా ఓటు దొప్పో పద్యానికి.

పెన్నేటిగట్టు:
'పాత' మీ 'మాజీ' కంటే బాగుంది, నావికుడికి వయసూ వచ్చింది. నా ఓటూ అమ్మాయికే. మామిడాకు పూరణలో 'అంట' కూడా మార్చి పెట్టండి, చూస్తాను.