కొత్త కిడ్నీ పెట్టాక కూడా డయాలసిస్ ఆగలేదు, క్రియాటినిన్ దిగట్లేదు – ఏం చూసుకోవాలి?

ప్రశ్న – మానేరు_చెల్లి
అన్నయ్యకు జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) బ్రెయిన్ డెడ్ దాత కిడ్నీ వచ్చింది. ఆపరేషనై రెండో వారం. యూరిన్ రోజుకు 600 మి.లీ. దాటట్లేదు. డయాలసిస్ మర్నాడు క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన, రక్తంలోని వ్యర్థం) 5 ఉంటుంది, రెండు రోజులకే 7 దాటుతుంది. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ బాగానే ఉందట. ఇప్పుడు బయాప్సీ (సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) అంటున్నారు. అమ్మ భయపడుతోంది. నీళ్లు ఎంత ఇవ్వాలి? కొండపిండాకు కషాయం పట్టమని చుట్టాలు పోరుతున్నారు, పట్టొచ్చా?

జవాబు – వార్డు_సిస్టర్
అమ్మా, డయాలసిస్ మర్నాడు కనిపించే 5 మిషన్ దించిన అంకె, కిడ్నీ దించింది కాదు. రెండు డయాలసిస్‌ల మధ్య రోజుకు ఎంత పెరుగుతోందో రాసుకోండి. రోజుకు 1 చొప్పున పెరిగేది 0.5కి, ఆ తర్వాత 0.2కి వచ్చిందంటే కిడ్నీ లేస్తున్నట్టే. మామూలుగా ముందు యూరిన్ పెరుగుతుంది, క్రియాటినిన్ ఆ తర్వాతే దిగుతుంది. ఇంకోటి, ఆపరేషన్‌కు ముందు ఆయనకు యూరిన్ ఎంత వచ్చేది? పాత కిడ్నీల వాటా తీసేస్తే గానీ కొత్తదాని పని తెలీదు.

దాత నుంచి తీసిన కిడ్నీ మంచులో రక్తం లేకుండా గంటల తరబడి ఉంటుంది. మళ్లీ రక్తం పారేసరికి లోపలి సన్నటి గొట్టాల కణాలు దెబ్బతింటాయి. అవి తిరిగి పెరగాలి. చాలామందికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

బయాప్సీ వాయిదా వేయకండి. క్రియాటినిన్ ఎలాగూ ఎక్కువే ఉంది కాబట్టి, లోపల రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదిగా చూసి దాడి చేయడం) మొదలైనా రక్తపరీక్షలో బయటపడదు. అందుకే వారం, పది రోజులకు కదలిక లేకపోతే సూది పెట్టి చూస్తారు. కొత్త కిడ్నీ పొత్తికడుపులో పైపైనే ఉంటుంది, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీస్తారు. బీపీ అదుపులో ఉండాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత సుమారు ఆరు గంటలు కదలకుండా పడుకోబెడతారు. ప్రతిసారీ వచ్చిన యూరిన్ తెల్లటి గ్లాసులో పట్టి వెలుగులో చూడండి. లేత గులాబీ రంగు ఫర్వాలేదు. రక్తపు గడ్డలు పడినా, యూరిన్ ఆగినా వెంటనే సిస్టర్‌ని పిలవాలి. రిజెక్షన్ అని తేలితే సాధారణంగా మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.

జవాబు – డయాలసిస్_టెక్నీషియన్
నీళ్ల సంగతి. డాక్టర్ వేరే లెక్క చెప్పకపోతే నిన్నటి 24 గంటల యూరిన్‌కు 500 మి.లీ. కలపండి. 600 వస్తే మొత్తం 1100. మజ్జిగ, చారు, కాఫీ, మాత్రలు మింగే నీళ్లు, అన్నీ అందులోవే. రోజూ పొద్దున యూరిన్‌కు వెళ్లొచ్చాక ఒకే మిషన్ మీద బరువు చూడండి. ఒక్కరోజులో కిలో పెరిగిందంటే సుమారు లీటరు నీరు లోపల నిలిచినట్టే.

బరువు పెరిగితే డయాలసిస్‌లో ఎక్కువ నీరు లాగాలి, అలా లాగితే బీపీ పడుతుంది. బీపీ పడితే అసలే దెబ్బతిన్న కొత్త కిడ్నీకి రక్తం అందదు. డయాలసిస్‌లో కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా ఓర్చుకోకుండా వెంటనే చెప్పమనండి.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది ఇంకోటుంది. కిడ్నీ లేచాక యూరిన్ ఒక్కసారిగా మూడు, నాలుగు లీటర్లకు పోవచ్చు. అప్పుడూ పాత కొలతే ఇస్తూ పోతే ఒళ్లు ఎండిపోయి కిడ్నీ మళ్లీ దెబ్బతింటుంది. యూరిన్ పెరిగిన రోజే కొత్త కొలత అడగండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ వద్దు, డయాలసిస్‌కి తప్ప సూదీ వద్దు.

జవాబు – మందుల_షాపు_శీను
కషాయం అస్సలు వద్దండి. కొండపిండాకు, తిప్పతీగ, నేల ఉసిరి ఏదైనా సరే, మందుల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో లెక్క కట్టలేం. తిప్పతీగ రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందంటారు, అన్నయ్య మందులు దాన్ని అణచడానికే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా వద్దు.

టాక్రోలిమస్ (రోగనిరోధక శక్తిని అణచే మాత్ర) రక్తంలో ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్షకి రక్తం పొద్దుటి మాత్ర వేయకముందే ఇవ్వాలి, రాత్రి మాత్రకు సరిగ్గా 12 గంటలకు. ముందే మింగేస్తే రిపోర్టులో ఎక్కువ చూపిస్తుంది, అది చూసి డోసు తగ్గిస్తే రిజెక్షన్‌కు దారి. లెవెల్ నిజంగానే ఎక్కువైతే మందే కిడ్నీ రక్తనాళాల్ని బిగిస్తుంది. విరేచనాలైనా, ఫ్లూకోనజోల్, డిల్టియాజెమ్, క్లారిత్రోమైసిన్ మొదలుపెట్టినా లెవెల్ పెరుగుతుంది. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్‌తో పడిపోతుంది. పంపరపనస తినకూడదు. కంపెనీ మారిన మాత్ర ఇస్తే డాక్టర్‌కు చెప్పకుండా వేయకండి.

పొటాషియం కూడా చూసుకోవాలి. కొబ్బరినీళ్లు, అరటిపండు, చింతపండు పులుసు, టమాటా ఇప్పుడు ఆపండి. కూరగాయలు చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, నీళ్లు వంచేసి వండండి. లో సోడియం ఉప్పులో ఉండేది పొటాషియమే, దాన్ని తేవద్దు. సెప్ట్రాన్ మాత్ర కూడా పొటాషియం పెంచుతుంది. అయినా సొంతంగా మానేయకండి, అది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చేది.

మానేరు_చెల్లి
ఆపరేషన్‌కు ముందు యూరిన్ రోజుకు 300 మి.లీ. దాకా వచ్చేదండి. రేపు బయాప్సీకి ఒప్పుకున్నాం.

వార్డు_సిస్టర్
అయితే కొత్త కిడ్నీ ఇస్తున్నది 300 దాకానే అనుకోండి, రోజువారీ లెక్క అక్కడి నుంచి రాయండి. యూరిన్ ఉన్నట్టుండి ఆగినా, కుట్టు దగ్గర వాపు, నొప్పి వచ్చినా, జ్వరం 100.4 దాటినా అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయండి. కాథెటర్ (యూరిన్ గొట్టం) ఉంటే రక్తపు గడ్డ అడ్డుపడి ఆగొచ్చు, అది కడిగితే పోతుంది. కానీ అదేనని మీరే అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు.